వైర్ నగలు: తీగను బట్టి ప్లయర్, చెన్నై గాలిని బట్టి డబ్బా

వైర్ నగల పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ కిట్ కొనమంటారు?" జిప్పు సంచీలో పదో పన్నెండో పనిముట్లు వరుసగా అమర్చిన సెట్లు ఆన్‌లైన్‌లోనూ, షావుకారుపేట పూసల దుకాణాల్లోనూ దొరుకుతాయి. చూడగానే కావలసినవన్నీ ఒకేసారి సమకూరినట్టు అనిపిస్తుంది. కానీ ఏడాది తిరిగేసరికి వాటిలో సగం సంచీలోంచి బయటికే రావు. రోజూ చేతిలో ఉండే ఆ రెండు మూడు మాత్రం నాసిరకంగా ఉండి చేసిన పనినంతా చెడగొడతాయి. అందుకే కిట్ గురించి మాట్లాడే ముందు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోవాలని నేను అంటాను. మీరు వంచబోయే తీగ ఏది? పని లేని రోజుల్లో ఆ తీగా, ఆ పనిముట్లూ ఎలాంటి గాలిలో ఉంటాయి? మొదటి ప్రశ్న ఏ ఊళ్లోనైనా వేసుకోవలసిందే. రెండోది సముద్రం పక్కనున్న చెన్నైలో మొదటిదానంత ముఖ్యం.

వైర్ నగ అంటే టంకం పెట్టకుండా, కుంపటి ముట్టించకుండా, చల్లటి తీగను వంచి, చుట్టి, ముడివేసి చేసే నగ. కంసాలి చేసే గొలుసులో లంకెలను టంకం కలిపి ఉంచుతుంది. ఇక్కడ ఆ సాయం లేదు. వంపు ఎంత సరిగ్గా వస్తే, తెగిన కొస ఎంత నున్నగా ఉంటే నగ అంత గట్టిగా నిలుస్తుంది. పెరంబూరు నుంచి పాత మహాబలిపురం రోడ్డు దాకా ఎన్నో తెలుగు ఇళ్లలో భోజనాల బల్లే పనిబల్లగా మారి జుంకాలు, గాజులు తయారవుతున్నాయి. ఆ బల్ల మీద పరిచే నాలుగు పనిముట్లు మంచివి కావాలని నేను పట్టుబట్టేది ఈ కారణంగానే.

20 గేజి అంటే ఎంత?

ఈ పనిలో కొత్తవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది తీగ మందాన్ని చెప్పే గేజి అంకె. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. దీనికి కారణం తీగ తయారయ్యే తీరులోనే ఉంది. కడ్డీని కమ్మచ్చు అనే ఉక్కు పలక రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతారు. ఎక్కువసార్లు లాగితే ఎక్కువ సన్నబడుతుంది. ఆ లాగిన వరుసకు పెట్టుకున్న లెక్కే గేజిగా స్థిరపడింది.

చిక్కంతా గేజి పద్ధతులు రెండు ఉండటంలో ఉంది. మన బజార్లలో వాడుకలో ఉన్నది ఎస్‌డబ్ల్యూజీ (స్టాండర్డ్ వైర్ గేజ్), అంటే 1884లో బ్రిటన్‌లో అమల్లోకి వచ్చిన పద్ధతి. నగల పాఠాలు చెప్పే వీడియోలు, పుస్తకాలు చాలావరకు అమెరికావి. వాటిలో చెప్పే గేజి ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైర్ గేజ్). ఏడబ్ల్యూజీలో 20 అంటే 0.812 మి.మీ. ఎస్‌డబ్ల్యూజీలో 20 అంటే 0.914 మి.మీ. తేడా మిల్లీమీటరులో పదో వంతే కదా అనుకోవచ్చు. కానీ మందం అంత పెరిగేసరికి తీగలోని లోహం పావు వంతుకు పైగా పెరుగుతుంది, వంచడానికి కావలసిన బలం దాదాపు 40 శాతం పెరుగుతుంది. వీడియోలో పాఠం చెప్పే ఆమె వేళ్లతో అలవోకగా చుట్టిన తీగ మీ చేతిలో మొండికేస్తుంటే, లోపం మీ వేళ్లలో కాక దుకాణంలో అడిగిన అంకెలో ఉండే అవకాశమే ఎక్కువ. చెవికి పెట్టుకునే కొక్కేనికి 0.8 మి.మీ. హాయిగా ఉంటుంది. 0.9 మి.మీ. దాటితే సన్న రంధ్రాలున్న చెవులు ఒప్పుకోవు.

18 నుంచి 26 గేజి వరకు ఒక సులువైన లెక్క ఉంది. అమెరికా అంకెకు ఒకటి కలిపితే మన బజారు అంకె ఇంచుమించు వస్తుంది. అక్కడి 18 మన 19, అక్కడి 20 మన 21, అక్కడి 24 మన 25. ఈ మూడింటిలో తేడా మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. 22కు, 26కు లెక్క కొద్దిగా తప్పుతుంది గాని పనికి అడ్డు రాదు. అంతకన్నా మంచి అలవాటు గేజిని వదిలేసి మిల్లీమీటర్లలోనే అడగడం, కొన్నాక కొలిచి చూసుకోవడం. మందం కొలిచే డిజిటల్ క్యాలిపర్ ఒకటి ఇంట్లో ఉండాలి. కిట్‌లో ఎప్పుడూ కనిపించని ఈ పనిముట్టును నేను ప్లయర్ల కంటే ముందు కొనమంటాను.

ఏ పనికి ఎంత మందం అన్నది స్థూలంగా చెప్పవచ్చు. చెవి కొక్కేలకు, పూస గుచ్చే పిన్నులకు 0.8, గొలుసు కొక్కేలకు, లాకెట్టు చట్రాలకు 1.0 నుంచి 1.2, గాజులకు 1.5, ఆ పైన. ముత్యాలు గుచ్చడానికి 0.4 లేదా 0.5, ఎందుకంటే ముత్యం రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. అల్లిక పనికి 0.3.

నేర్చుకునే దశలో రాగిని మించినది లేదు. మెత్తగా వంగుతుంది, ధర తక్కువ, వెండికి దగ్గరగా ప్రవర్తిస్తుంది. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణాల్లో ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ రీళ్లలో ఉంటుంది, తూకానికి ఇస్తారు, గేజి ఎస్‌డబ్ల్యూజీలోనే చెబుతారు. 0.8 మి.మీ. రాగి తీగ మీటరుకు నాలుగున్నర గ్రాములు తూగుతుంది, అంటే వంద గ్రాములకు 22 మీటర్లు. అదే వంద గ్రాములకు 0.914 మి.మీ. తీగ 17 మీటర్లే వస్తుంది. రాగి రంగు పూత పూసిన అల్యూమినియం తీగ కూడా బజారులో ఉంటుంది కాబట్టి చేతిలో తూచి చూడాలి. రాగి బరువు అల్యూమినియానికి మూడు రెట్ల పైనే. వైండింగ్ తీగ సాధనకే తప్ప నగకు కాదు. దాని పూతను కాల్చి తీసేయాలని చూడవద్దు, ఆ పొగ మంచిది కాదు.

జర్మన్ సిల్వర్ పేరులో వెండి ఉంది గాని లోహంలో లేదు. అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. గాజుకో లాకెట్టుకో వాడితే వాడవచ్చు. చెవి కొక్కేలకు మాత్రం వద్దు. నికెల్ పడని చర్మాలు చాలా ఉంటాయి, చెవి రంధ్రం దగ్గర ఆ దురద, పుండు త్వరగా మొదలవుతాయి. కొక్కేల వరకైనా 92.5 శాతం వెండి తీగ వాడండి. జత కొక్కేలకు పది సెంటీమీటర్ల తీగ పడుతుందనుకుంటే 0.8 మందంలో అది అర గ్రాము పైచిలుకే. అంత చిన్న చోట వెండికి బదులు చవక లోహం పెట్టి మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఇంకొక సంగతి, తీగ మెత్తనిదా గట్టిదా అన్నది. తీగను వంచినకొద్దీ, నిటారు చేసినకొద్దీ, సుత్తితో కొట్టినకొద్దీ గట్టిపడుతుంది. హద్దు దాటితే పుటుక్కున విరుగుతుంది. కంసాలి దాన్ని కాల్చి మళ్లీ మెత్తబరుస్తాడు. ఇంట్లో కుంపటి లేనివాళ్లకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి చుట్టే పనికి, అల్లికకు మెత్తని తీగ, ఆకారం నిలవవలసిన కొక్కేలకు సగం గట్టి తీగ కొనాలి. మెత్తని తీగతో కొక్కెం చేస్తే దాన్ని ఉక్కు దిమ్మె మీద పెట్టి తేలికగా కొట్టి గట్టిపరచాలి. సుత్తి, దిమ్మె అవసరమయ్యేది ఇక్కడే.

ఒక్క లూపులో నాలుగు పనిముట్లు

ఎన్ని పనిముట్లు కావాలో తేల్చడానికి జాబితాలు చదవడం కంటే ఒక చిన్న పనిని దగ్గరగా చూడటం మేలు. ఒక ముత్యాన్ని కొక్కేనికి వేలాడదీయాలి. దానికి చుట్టిన లూపు వేయాలి, అంటే తీగను ఉంగరంలా వంచి, మిగిలిన కొసను దాని మొదట్లో చుట్టి బిగించాలి. ఇది వైర్ నగలన్నిటికీ పునాది లాంటి పని.

పిన్ను మీద ముత్యం ఎక్కించాక, ముత్యం పైభాగాన తీగను సన్నమూతి ప్లయర్‌తో పట్టుకోవాలి. దుకాణంలో దీన్ని చెయిన్ నోస్ అంటారు. ప్లయర్ మూతి వెడల్పు ఎంతో అంత జాగా ముత్యానికీ వంపుకూ మధ్య మిగులుతుంది. తర్వాత వేసే చుట్లు ఆ జాగాలోనే పడతాయి. మూతి లావుగా ఉంటే జాగా ఎక్కువై, నాలుగైదు చుట్లు వేసినా ముత్యం వదులుగా ఆడుతుంది. ఇక్కడ రెండు మిల్లీమీటర్లు చాలు. పట్టిన చోటనే తీగను పక్కకు లంబంగా వంచాలి.

ఇప్పుడు వంపు దగ్గర గుండ్రమూతి ప్లయర్‌తో, అంటే రౌండ్ నోస్‌తో పట్టుకుని తీగను పై దవడ మీదుగా తిప్పాలి. ఆ దవడలు కొస దగ్గర సన్నగా, మొదట్లో లావుగా ఉంటాయి. ఎక్కడ పట్టుకుంటే అంత లూపు వస్తుంది. జత జుంకాల్లో ఒక లూపు పెద్దదిగా, ఒకటి చిన్నదిగా రావడానికి కారణం పట్టు జరగడమే. దవడ మీద మార్కర్‌తో గీత పెట్టుకుని ప్రతిసారీ ఆ గీత దగ్గరే పట్టుకుంటే ఈ బాధ తీరుతుంది. తీగ ఎంత పడుతుందో కూడా లెక్క కట్టవచ్చు. దవడ మందానికి తీగ మందం కలిపి 3.14తో గుణించాలి. 3 మి.మీ. దవడ మీద 0.8 తీగ అయితే 3.8కి 3.14 రెట్లు, ఇంచుమించు 12 మి.మీ.

లూపు వచ్చాక దాన్ని అడ్డంగా చదునుమూతి ప్లయర్‌తో పట్టుకోవాలి. గుండ్రమూతితో పట్టుకుంటే లూపు ఆకారం చెడుతుంది, తీగ మీద గుంట పడుతుంది. రెండో చేత్తో, లేదా సన్నమూతితో, మిగిలిన తీగ కొసను పట్టి రెండు మూడు చుట్లు ముత్యం దాకా వేయాలి. చివరికి కట్టర్ చదును వైపు నగకు ఆనించి కొస కత్తిరించి, మిగిలిన మొనను సన్నమూతితో నొక్కి లోపలికి సర్దాలి. చుట్టు మీద వేలు పోనిచ్చినప్పుడు ఏమీ గుచ్చుకోకూడదు. గుచ్చుకుంటే ఆ నగ చీరనో దుపట్టానో పట్టి లాగుతుంది.

ఈ మొత్తంలో చేతికి వచ్చినవి సన్నమూతి, గుండ్రమూతి, చదునుమూతి, కట్టర్. నగ భాగాలను కలిపే చిన్న తీగ వలయాలను, అంటే జంప్ రింగులను, తెరవడానికి రెండు ప్లయర్లు కావాలి. రింగును వెడల్పుగా లాగకుండా ఒక కొసను ముందుకు, ఒక కొసను వెనక్కి తిప్పి తెరవాలి. ఆ రెండు ప్లయర్లూ ఈ నాలుగింటిలోనే ఉన్నాయి. పట్టే, కోసే పనిముట్లలో మొదటి ఏడాదికి ఇంతకు మించి అవసరం లేదు. కిట్‌కు పెట్టే డబ్బును ఈ నాలుగింటి మీద పెడితే ఒక్కొక్కటీ రెండు మెట్లు పైరకం వస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి చూద్దాం. దవడల లోపలి భాగం నున్నగా ఉండాలి. హార్డ్‌వేర్ దుకాణంలో "నోస్ ప్లయర్" అని అడిగితే ఎలక్ట్రీషియన్లు వాడే రకం ఇస్తారు. తపారియా వంటి దేశీ కంపెనీలవి గట్టిగా, ఏళ్ల తరబడి పనిచేసే సరుకే. కానీ వైరు జారకుండా పట్టుకోవడానికి దవడల్లో పళ్లు పెట్టి చేస్తారు. ఆ పళ్లు మెత్తని వెండి మీద, రాగి మీద గీతల వరుస దింపుతాయి, పూత ఉంటే ఒలిచేస్తాయి. నగలకూ ఎలక్ట్రానిక్స్‌కూ చేసిన చిన్న ప్లయర్లలో పళ్లు లేనివి దొరుకుతాయి. మూసిన దవడలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. కొసలు సమంగా కలవాలి. ఒక పిడిని పట్టుకుని రెండోదాన్ని పక్కకు ఊపండి. కీలు దగ్గర కదలిక ఉంటే అది వద్దు, ఆ కదలిక మీ ప్రతి లూపులోనూ వంకరగా కనిపిస్తుంది. స్ప్రింగు ఉన్నది తీసుకుంటే పట్టు వదలగానే తనంతట తెరుచుకుంటుంది. గంటసేపు పని చేశాక బొటనవేలి మొదట్లో ఆ తేడా తెలుస్తుంది. అరచేయి చిన్నదైనవాళ్లు పొడుగు పిడులు కొనకూడదు. పిడి కొస అరచేతి మధ్యలో గుచ్చుకుంటూ ఉంటుంది. అందుకే మొదటి ప్లయర్లు ఆన్‌లైన్‌లో కాక దుకాణంలో చేత్తో పట్టి చూసి కొనమని చెబుతాను.

కట్టర్ దగ్గర పొదుపు వద్దు

నాలుగింటిలోనూ ఒక్కదానికే డబ్బు ఉందంటే కట్టర్‌కు పెట్టండి. మామూలు కటింగ్ ప్లయర్ తీగను రెండు వైపుల నుంచీ నలిపి తెంపుతుంది. తెగిన రెండు కొసలూ గుడిసె కప్పులా మొనదేలి ఉంటాయి. నగలకు కావలసినది ఫ్లష్ కట్టర్. దాని దవడలకు ఒక వైపు చదునుగా, ఇంకో వైపు లోయలా ఉంటుంది. చదును వైపున్న కొస నున్నగా తెగుతుంది, లోయ వైపున్నది మొనదేలుతుంది. నగలో ఉండిపోయే కొస ఎప్పుడూ చదును వైపు రావాలి. జంప్ రింగు చేయాలంటే రెండు కొసలూ చదునుగా ఉండాలి కాబట్టి ప్రతి రింగుకూ కట్టర్‌ను ఒకసారి తిప్పి పట్టుకుని, మొనదేలిన ముక్కను ఒక సన్న తునకగా తీసేయాలి. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. రింగు మూసినప్పుడు రెండు కొసల మధ్య సందు మిగిలితే సన్నని గొలుసు అందులోంచి జారిపోవచ్చు.

మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో "నిప్పర్" అని అడిగితే సర్క్యూట్ బోర్డుల కాళ్లు కత్తిరించే చిన్న కట్టర్ ఇస్తారు. ధర తక్కువ, 0.8 మి.మీ. వరకు మెత్తని రాగికి, వెండికి బాగా పనికివస్తుంది. నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. చేయి తిరిగేదాకా ఇది చాలు, ఖరీదైన కట్టర్ ఆ తర్వాత. కొనే ముందు ఒక తీగ ముక్కను కత్తిరించి, తెగిన కొసను గోటి మీద రాసి చూడండి. గీరుకుంటే ఇంకొకటి చూపించమనండి.

కట్టర్ మీద రాసి ఉన్న మందం మెత్తని రాగికి చెప్పినది. ఉక్కుకు అది వర్తించదు. చుట్టులా తిరిగి ఉండే మెమరీ వైరు గట్టిపరచిన ఉక్కుతో చేసినది. ఫ్లష్ కట్టర్‌తో దాన్ని ఒక్కసారి కత్తిరిస్తే అంచులో నెలవంక ఆకారపు గాటు పడుతుంది. ఆ గాటు తర్వాత కత్తిరించే ప్రతి వెండి తీగ కొస మీదా అచ్చవుతుంది. ఉక్కుకు వేరే పాత కట్టర్ ఉంచుకోండి, దాని పిడికి ఎర్ర టేపు చుట్టండి. ఇంట్లో ఎవరైనా ప్లాస్టిక్ ట్యాగు కోయడానికో చార్జర్ వైరు తెంపడానికో నగల కట్టర్ తీసుకుంటే మొహమాటపడకుండా వద్దనండి.

కత్తిరించేటప్పుడు తెగిన ముక్క ఎగురుతుంది. చిన్న ముక్క ఎగిరి కంటికి తగిలితే ప్రమాదం. కళ్లజోడు పెట్టుకోవాలి, ముక్క మీద వేలు ఆనించి కిందికి చూపిస్తూ కత్తిరించాలి. మన ఇళ్లలో చెప్పులు వేసుకోము కాబట్టి నేల మీద పడిన ముక్క ఎవరో ఒకరి పాదంలో దిగుతుంది. అంచు ఎత్తుగా ఉన్న ట్రేలోనే పని చేయాలి. అయస్కాంతంతో ఏరవచ్చుననుకుంటారు. రాగి, వెండి, ఇత్తడి అయస్కాంతానికి అంటుకోవు. తడిగుడ్డతో తుడవాలి, లేదా వెడల్పాటి టేపుతో అద్దాలి.

మిగిలిన పనిముట్లు అవసరం పడినప్పుడు ఒక్కొక్కటిగా చేరతాయి. ఒకే కొలత రింగులు చుట్టడానికి అల్లిక సూదులు చాలు, వాటి మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది. అంబత్తూరు పారిశ్రామిక వాడలోని లేత్ షాపులో అడిగితే కావలసిన మందంలో ఉక్కు కడ్డీ ముక్క కోసిస్తారు. చెవి కొక్కెం కొసను నున్నగా చేయడానికి సన్నని ఆకురాయి కావాలి. వంకర పోయిన తీగను సాఫు చేయడానికి నైలాన్ దవడల ప్లయర్ మంచిది. దాని మధ్య నుంచి ఒకటి రెండుసార్లు లాగితే చాలు, ఎక్కువ లాగితే తీగ గట్టిపడుతుంది. ఒకే కొలత లూపులు తీసే రెండు మూడు మెట్ల బెయిల్ ప్లయర్లు, చిన్న పూసను నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్లు ఆ పని పదే పదే చేసేవాళ్లకే.

ఉప్పుగాలి, మురుగుగాలి

ఇక దాచే సంగతి. చెన్నైలో ఈ విషయాన్ని తేలికగా తీసుకుంటే మంచి పనిముట్టు కూడా ఒక వానాకాలంలో చెడుతుంది. ఇక్కడ లోహానికి శత్రువులు మూడు. గాలిలో ఎప్పుడూ ఉండే తేమ, సముద్రం నుంచి వచ్చే ఉప్పు, మురుగు నీటి నుంచి లేచే గంధకపు వాయువు. ఈ మూడూ ఒక్కో లోహం మీద ఒక్కో విధంగా పనిచేస్తాయి. కాబట్టి అన్నిటికీ ఒకే డబ్బా అన్న ఆలోచనే సరికాదు.

ఉక్కుకు ఉప్పు ప్రమాదం. ఉప్పు రేణువు గాలిలోని తేమను పీల్చి లోహం మీద పలుచని తడిపొరను నిలబెడుతుంది. వాన లేకపోయినా తుప్పు మొదలవుతుంది. రాయపురం, ట్రిప్లికేన్, బెసెంట్ నగర్ వైపు ఇళ్లలో కిటికీ పక్కన వదిలేసిన ప్లయర్‌కూ, లోపలికి ఉన్న ఆవడిలో వదిలేసిన దానికీ తేడా కనిపిస్తుంది. చేతి చెమటలోనూ ఉప్పే ఉంది. పని ముగియగానే దవడలను, కీలును పొడి గుడ్డతో తుడవడం అన్ని ఉపాయాలకన్నా ముందుది. వారానికొకసారి కీలులో కుట్టు మిషన్ నూనె ఒక చుక్క వేసి, ఆడించి, మిగిలినది తుడిచేయాలి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్లకు జిగురెక్కి కీలు బిగుసుకుంటుంది. దవడ మీద సూదిమొనంత తుప్పు చుక్క వచ్చినా దాని గుంట తీగ మీద దిగుతుంది. మెత్తని ఎమరీ కాగితంతో వెంటనే రుద్ది తీసేయాలి.

ఏసీ గదిలో పని చేసేవాళ్లు ఇంకొకటి గమనించాలి. బాగా చల్లబడిన గదిలోంచి బయటికి రాగానే కళ్లజోడు మసకబారినట్టే, చల్లటి ప్లయర్ మీదా తేమ పట్టుకుంటుంది. కాబట్టి పనిముట్లను గదిలోనే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. బయటికి తెచ్చాక డబ్బా బయటి వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు.

వెండి కథ వేరు. దానికి తుప్పు పట్టదు. గంధకం కలిసిన వాయువు తగిలితే పైన వెండి సల్ఫైడ్ పొర ఏర్పడి నల్లబడుతుంది. కూవం నది, బకింగ్‌హామ్ కాలువ దగ్గర్లో ముక్కు పుటాలకు తగిలే ఆ వాసనలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడే ఈ పని చేస్తుంది, గాలిలో తేమ ఉంటే ఇంకా త్వరగా. గంధకం ఇంట్లో కూడా ఉంది. రబ్బరు బ్యాండులో ఉంది, ఉన్ని గుడ్డలో ఉంది, కోడిగుడ్డు వండిన వంటగది గాలిలో ఉంది. వెండి తీగ చుట్టను రబ్బరు బ్యాండుతో కట్టి పెడితే, కొన్ని వారాలకు బ్యాండు ఆనిన చోటనే నల్లటి పట్టీ కనిపిస్తుంది. నూలు దారంతో కట్టాలి. వార్తాపత్రికలో చుట్టవద్దు. ఉతికి ఆరవేసిన నూలు గుడ్డలో చుట్టి, పాలిథీన్ జిప్ కవరులో పెట్టి, లోపలి గాలిని చేత్తో నొక్కి తీసేసి మూయాలి. కవరు పాలిథీన్‌దే కావాలి. వాసన వచ్చే మెత్తని పీవీసీ కవరు నుంచి కాలం గడిచేకొద్దీ ఆమ్లపు ఆవిరి వెలువడుతుంది.

రాగి, ఇత్తడి తీగలు వేలిముద్రలను దాచుకోవు. ఇవాళ తడిచేత్తో ముట్టుకుంటే రేపు అక్కడే ముద్ర నల్లగా తేలుతుంది. వీటికి కవరు, పొడిదనం చాలు. అల్యూమినియానికి ప్రత్యేక శ్రద్ధ అక్కరలేదు.

తేమను పీల్చడానికి సిలికా జెల్ మంచి సాయం. కానీ పొట్లం పడేసి మరచిపోతే ప్రయోజనం లేదు. కొంతకాలానికి అది నిండిపోయి పీల్చడం మానేస్తుంది. అందుకే రంగు మారే రకం కొనాలి. నీలం నుంచి గులాబీకి మారే దాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపూరితం. నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం ఇంట్లో మేలు. నిండిపోయినదాన్ని సుమారు 120 డిగ్రీల వేడిలో ఆరబెడితే మళ్లీ పనికివస్తుంది. దానికి వంట పాత్ర, వంట ఓవెన్ వాడవద్దు. పెద్ద డబ్బా ఒకటి పెట్టి రోజుకు పదిసార్లు తెరిస్తే లోపలి గాలి ఎప్పటికప్పుడు తడిగాలే అవుతుంది. చిన్న డబ్బాలు నాలుగు పెట్టుకుని, కావలసినదే తెరవడం మంచిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో జెల్‌ను తరచూ చూస్తుండాలి.

కాన్వాసు చుట్టలో, తోలు సంచీలో ప్లయర్లు చూడ్డానికి అందంగా ఉంటాయి. కానీ ఆ గుడ్డా, తోలూ వానాకాలంలో తేమను పట్టి ఉంచుతాయి. రోజూ పని చేసేవాళ్లు పనిముట్లను నిలువుగా, విడివిడిగా, గాలి తగిలేలా స్టాండులో ఉంచుకుంటే చాలు. వారాల తరబడి పని ఆగితే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో జెల్‌తో పెట్టాలి. యంత్ర భాగాలను చుట్టే వీసీఐ కాగితం దొరికితే ఉక్కు పనిముట్ల డబ్బాలో ఒక ముక్క వేయండి. పరిశ్రమల్లో తుప్పు రాకుండా వాడేది అదే. ఎక్కడ పెట్టినా కట్టర్ అంచు మీద మరో పనిముట్టు పడకూడదు. బాత్రూము గోడను ఆనుకున్న అల్మారాలో ఏదీ పెట్టకూడదు.

తీగ డబ్బాల మీద లోహం, మిల్లీమీటర్లలో మందం, మెత్తనిదో గట్టిదో రాసి అతికించాలి. గేజి రాస్తే ఏ గేజి అన్న సందేహం మళ్లీ మొదటికి వస్తుంది. తీగను వచ్చిన చుట్టలోనే ఉంచాలి. చిన్న డబ్బాలో పట్టించాలని బలవంతంగా చుట్ట బిగిస్తే మడత పడుతుంది. ఆ మడతను ఎంత సాఫు చేసినా నగలో తీగ విరిగేది అక్కడే. పూసలకు చాలామంది పోపుల పెట్టె వాడతారు. గిన్నెలకు విడి మూతలు ఉండవు కాబట్టి పెట్టె ఒక్కసారి ఒరిగితే రకాలన్నీ కలిసిపోతాయి. మర మూత ఉన్న చిన్న చిన్న గుండ్రటి డబ్బాలు నయం.

ఇప్పటిదాకా చెప్పినదంతా పొడిగా, గాలి చొరకుండా ఉంచమనే. ముత్యానికి ఇది వర్తించదు. ముత్యం జీవి నుంచి వచ్చినది, దానిలో కాస్త తేమ ఉంటుంది. సిలికా జెల్ పక్కన, మూసిన ప్లాస్టిక్ కవరులో నెలల తరబడి ఉంచితే ఎండి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంది. విడి ముత్యాలను మెత్తని నూలు గుడ్డలో, మూత వదులుగా ఉన్న పెట్టెలో ఉంచాలి. నిమ్మరసం, వినిగర్, అత్తరు దగ్గరికి రానివ్వకూడదు. ముత్యంలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేట్, ఆమ్లం తగిలితే కరుగుతుంది. వెండి తీగతో ముత్యం గుచ్చిన నగ విషయంలో రెంటి అవసరాలూ ఢీకొంటాయి. అప్పుడు నేను ముత్యం వైపే ఉంటాను. నల్లబడిన వెండిని పాలిష్ గుడ్డతో తుడిచి మళ్లీ తెల్లగా చేయవచ్చు, పగిలిన ముత్యాన్ని అతికించలేము. అటువంటి నగను గుడ్డలో చుట్టి, జెల్ లేని పెట్టెలో పెట్టి, తరచూ బయటికి తీసి పెట్టుకోవాలి. పెట్టుకున్నాక చెమట తుడిచి లోపల పెట్టాలి. అమ్మేవాళ్లు కొన్నవాళ్లకు ఈ సంగతి చీటీ మీద రాసి ఇవ్వాలి.

ట్రేలో మిగిలే ముక్కలకు కూడా ఒక చోటు కావాలి. వెండికి ఒక సీసా, రాగికి ఒకటి, ఇత్తడికి ఒకటి. వెండి సీసాలో వేరే లోహం పడకుండా చూసుకోవాలి. ఎన్‌ఎస్‌సీ బోస్ రోడ్డు పరిసరాల్లో పాత వెండి కొనేవారు టంచు, అంటే వెండి స్వచ్ఛత, చూసి ధర కడతారు. రాగి ముక్కలు కలిస్తే టంచు తగ్గుతుంది, మొత్తం తూకానికీ ధర తగ్గుతుంది.